ముఠా హింసను నిలువరించిన ఉమ్మడి మాట

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1987లో హత్యకు గురైనవారిలో 24 ఏళ్లు, అంతకు లోపు వయసువారు 22 మంది. మూడేళ్లు తిరిగేసరికి, 1990లో, ఆ సంఖ్య 73కు పెరిగింది. అన్ని వయసులవారినీ కలుపుకుంటే ఆ ఏడాది ఆరు లక్షల జనాభా కూడా లేని ఆ నగరంలో 152 హత్యలు జరిగాయి. క్రాక్ కొకైన్ వ్యాపారం, దాని వెంట వీధుల్లోకి వచ్చిన చేతితుపాకులు, వాటిని పట్టుకున్న కుర్రాళ్ల ముఠాలు కలిసి రాక్స్‌బరీ, డార్చెస్టర్, మాటపాన్ పేటలను వణికించాయి. 1999 నాటికి అదే నగరంలో ఏడాది మొత్తం మీద జరిగిన హత్యలు 31.

ఈ మార్పుకు కారణం ఒక్కటే అనడం శాస్త్రం కాదు. ఆ దశకంలో అమెరికా అంతటా హింస తగ్గుముఖం పట్టింది. అయినా బోస్టన్ అనుభవాన్ని నేరశాస్త్రజ్ఞులు పాతికేళ్లకు పైగా పరిశీలిస్తూనే ఉన్నారు. అక్కడ ఇందుకోసం కొత్త చట్టమేదీ రాలేదు, పోలీసుల సంఖ్య ఒక్కసారిగా పెరగలేదు. అప్పటికే ఉన్న సంస్థలు ఒక బల్ల చుట్టూ కూర్చుని, తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకుని, ముఠాలకు ఒకే మాట చెప్పి, ఆ మాట మీద నిలబడ్డాయి. ఆ పని ఎలా సాగిందో, ఎందుకు ఫలించిందో, మళ్లీ ఎలా చెదిరిపోయిందో తెలుసుకోవడం ఏ నగరానికైనా అవసరమే.

ఎవరి పరిధి వారిది

అమెరికాలో చట్టాన్ని అమలుచేసే సంస్థలు దాదాపు 18,000 ఉన్నాయి. నగరానికి ఒక పోలీసు శాఖ, కౌంటీకి ఒకటి, రాష్ట్రానికి మరొకటి, ఆపైన ఫెడరల్ సంస్థలు. బోస్టన్‌లో వీధి గస్తీ నగర పోలీసులది. రాష్ట్ర చట్టం కింద కేసు నడిపేది సఫోక్ కౌంటీ జిల్లా అటార్నీ. ఫెడరల్ చట్టం కింద నడిపేది మసాచుసెట్స్ యు.ఎస్. అటార్నీ. తుపాకుల అక్రమ రవాణాను ఏ.టి.ఎఫ్., మత్తుమందుల వ్యవహారాన్ని డి.ఇ.ఎ. అనే ఫెడరల్ సంస్థలు చూస్తాయి. శిక్షను జైల్లో కాకుండా షరతుల మీద బయట గడుపుతున్నవారిని కనిపెట్టి ఉండేది ప్రొబేషన్ అధికారులు. జైలు నుంచి ముందుగా విడుదలైనవారి సంగతి పెరోల్ శాఖది, మైనర్ల సంగతి యువజన సేవల శాఖది. ఇవి కాక బడులకు అప్పట్లో ప్రత్యేకంగా పోలీసులుండేవారు.

ఒకే కుర్రాడి పేరు ఈ రిజిస్టర్లలో నాలుగైదింట ఉండేది. రాత్రి ఏ సందు మొగలో నిలబడతాడో గస్తీ పోలీసుకు తెలుసు. ఎన్నింటికల్లా ఇంట్లో ఉండాలని కోర్టు చెప్పిందో ప్రొబేషన్ అధికారికి తెలుసు. ఎవరితో గొడవ పడ్డాడో బడి పోలీసుకు తెలుసు. ఈ మూడు ముక్కలూ కలిపి చూసేవారు మాత్రం లేరు. ప్రొబేషన్ షరతులు కాగితం మీద ఎంత కఠినంగా ఉన్నా, చీకటి పడ్డాక వాటిని తనిఖీ చేసేవారు లేరని కుర్రాళ్లందరికీ తెలుసు.

సంస్థలు తమంతట తాము కలవకపోవడానికి కారణాలు గట్టివే. ప్రతి సంస్థ పనితీరునూ దాని సొంత లెక్కలతోనే కొలుస్తారు: పోలీసులకు అరెస్టులు, ప్రాసిక్యూటర్లకు శిక్షలు, ఫెడరల్ సంస్థలకు పెద్ద కేసులు. జరగకుండా ఆగిన హత్య ఎవరి లెక్కలోకీ రాదు. పైగా చేతిలోని సమాచారం బయటికి పొక్కుతుందన్న భయం ఒకటి, కష్టం తమది పేరు మరొకరిది అవుతుందన్న అనుమానం ఒకటి. ‘అది మా పరిధి కాదు’ అన్న మాట పోలీసు స్టేషన్ మెట్లెక్కిన తెలుగువారికీ కొత్తది కాదు.

కింది నుంచి మొదలైన కదలిక

మొదటి అడుగు పై అధికారుల ఆదేశంతో పడలేదు. 1992 నవంబరులో డార్చెస్టర్ కోర్టులోని కొందరు ప్రొబేషన్ అధికారులు, పోలీసు శాఖలోని ముఠా నిరోధక విభాగంలో పనిచేసే డిటెక్టివ్‌లు కలిసి ఒకే కారులో రాత్రి తిరగడం మొదలుపెట్టారు. దీనికి ఆపరేషన్ నైట్ లైట్ అని పేరు. సాయంత్రం ఏడు గంటల నుంచి అర్ధరాత్రి వరకు ప్రొబేషన్ మీదున్న కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి తలుపు తట్టేవారు. గడువు వేళకు అబ్బాయి ఇంట్లో ఉన్నాడో లేడో చూసేవారు. తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడేవారు.

ఇందులో ప్రతి పక్షానికీ రెండో పక్షం అవసరం ఉంది. ప్రొబేషన్ అధికారికి షరతులను అమలుచేసే అధికారం ఉంది కానీ, ఆ పేటల్లో రాత్రిపూట ఒంటరిగా తిరిగే ధైర్యం లేదు. పోలీసుకు ఆ ధైర్యం ఉంది కానీ, వారెంటు లేకుండా గడప తొక్కే అధికారం లేదు. ఇద్దరూ కలిసేసరికి కోర్టు విధించిన షరతుకు రాత్రివేళ కూడా విలువ వచ్చింది. ప్రమాదమూ ఇక్కడే పొంచి ఉంది. ఒక సంస్థకు చట్టం నిరాకరించిన అధికారాన్ని ఇంకొక సంస్థ చాటున వాడుకునే వీలు ఇలాంటి కలయికలో ఎప్పుడూ ఉంటుంది. సహకారానికి హద్దులు మొదటి రోజే రాసుకోవాలి.

పటం మీద తేలిన నిజం

1995లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని కెన్నెడీ స్కూల్ పరిశోధకులు డేవిడ్ కెన్నెడీ, ఆంథొనీ బ్రాగా, ఆన్ పీల్ ఈ అధికారులతో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ ఇందుకు నిధులిచ్చింది. 1990 నుంచి 1994 వరకు తుపాకీకో కత్తికో బలైన 21 ఏళ్లు, అంతకు లోపు వయసువారు 155 మంది. వారి జాబితాను పరిశోధకులు ముందు పెట్టుకున్నారు.

ఆ తర్వాత వారు చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. ముఠా విభాగం పోలీసులను, ప్రొబేషన్ అధికారులను, ముఠా కుర్రాళ్లతో మాట్లాడటానికి నగరపాలక సంస్థ నియమించిన వీధి కార్యకర్తలను ఒక గదిలో కూర్చోబెట్టారు. నగర వీధుల పటం పరిచి, ఏ ముఠా ఏ వీధుల్లో ఉంటుందో గీయమన్నారు. ఒక్కో ముఠాలో ఎందరుంటారు, దానికి ఎవరితో స్నేహం, ఎవరితో కక్ష అని అడిగారు. ఆపైన 155 పేర్లనూ ఒక్కొక్కటిగా చదివి, ఆ చావు వెనుక ఏం జరిగిందో చెప్పమన్నారు. ఏ ఫైలులోనూ రాయని సంగతులు అక్కడ నోటి మాటగా బయటపడ్డాయి. ముఠాల మధ్య కక్షలను గీతలుగా గీస్తే ఒక అల్లిక తయారైంది. అందులో ఏ ముఠాకు ఎక్కువమంది శత్రువులున్నారో, ఎక్కడ మంట అంటుకుంటే ఎంతదూరం పాకుతుందో కళ్లకు కట్టింది.

తేలిన లెక్కలు అందరినీ ఆలోచింపజేశాయి. నగరంలోని ముఠాలు 61, వాటిలో సభ్యులు సుమారు 1,300 మంది. నగరంలోని ఆ వయసు యువతలో వారు ఒక శాతం లోపే. కానీ యువకుల హత్యల్లో కనీసం 60 శాతం వారి చుట్టూనే తిరిగాయి. చనిపోయినవారిలో 75 శాతం, చంపినవారిలో 77 శాతం అంతకుముందే కనీసం ఒకసారి కోర్టు ముందు నిందితులుగా నిలబడ్డవారే. చంపినవారిలో సుమారు నాలుగో వంతు హత్య చేసేనాటికి ప్రొబేషన్ మీదున్నారు. అంటే చంపేవాడూ చచ్చేవాడూ ఇద్దరూ చాలావరకు ప్రభుత్వ రిజిస్టర్లలో ఉన్నవారే.

హత్యలకు మూలం మత్తుమందుల బేరాలని అప్పటిదాకా అనుకునేవారు. నిజానికి ఎక్కువ హత్యలకు మూలం పాత కక్షలు. ఒకరు కాలిస్తే రెండో పక్షం బదులు తీర్చుకోవాలి, తీర్చుకోకపోతే చులకనైపోతారు. సీమ ఫ్యాక్షన్ చరిత్ర తెలిసిన మనకు ఈ తర్కం వేరే చెప్పనక్కర్లేదు. భయంతోనే తుపాకీ పట్టినవాళ్లు చాలామంది. భయం తగ్గితే తుపాకీ అవసరమూ తగ్గుతుందని పరిశోధకులు ఊహించారు.

తుపాకుల జాడలు కూడా కొత్త సంగతి చెప్పాయి. దక్షిణాది రాష్ట్రాల నుంచి దొంగచాటుగా వస్తున్నాయన్నది అందరి నమ్మకం. ఏ.టి.ఎఫ్. రికార్డుల్లో జాడ దొరికిన తుపాకుల్లో మూడో వంతు మసాచుసెట్స్ దుకాణాల్లోనే తొలిసారి అమ్ముడుపోయినవి. అనేకం కొత్తవి కూడా. దాంతో అక్రమంగా తుపాకులు చేరవేసేవారి మీద ఏ.టి.ఎఫ్., పోలీసులు, ప్రాసిక్యూటర్లు కలిసి దృష్టి పెట్టారు.

కోర్టు హాలులో చెప్పిన మాట

శిక్ష ఎంత పెద్దదన్నదాని కన్నా అది ఎంత ఖాయంగా, ఎంత త్వరగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీ తత్వవేత్త చెజారే బెకారియా 1764లోనే రాశాడు. ఆధునిక పరిశోధనలు ‘ఖాయంగా’ అన్న మాటను బలంగా సమర్థించాయి. చిక్కల్లా ఆచరణలోనే. పదమూడు వందల మంది చేసే ప్రతి తప్పునూ ఏ ప్రభుత్వమూ పట్టుకోలేదు. బోస్టన్ బృందం అన్నిటినీ పట్టుకుంటామని చెప్పలేదు. ఒక్క హద్దు గీసింది: కాల్పులు జరిపితే, ప్రాణం తీస్తే, ఆ ముఠా మొత్తం మీద అన్ని సంస్థలూ ఒకేసారి దృష్టి పెడతాయి.

దీన్నే వారు పుల్లింగ్ లీవర్స్ అన్నారు. ఏ సంస్థ చేతిలో ఏ పగ్గం ఉంటే అది లాగడమన్నమాట. పాత వారెంట్లన్నీ బయటికి తీస్తారు. ప్రొబేషన్ షరతులు అక్షరాలా అమలవుతాయి. వీధిలో మత్తుమందుల అమ్మకం సాగనివ్వరు. రిజిస్ట్రేషన్ లేని కార్లను పట్టుకుంటారు. తీవ్రమైన కేసులు ఫెడరల్ కోర్టుకు వెళతాయి. ఫెడరల్ శిక్షకు పెరోల్ ఉండదు, జైలు ఏ దూరపు రాష్ట్రంలోనో ఉండొచ్చు. కుర్రాళ్లు అన్నిటికన్నా ఎక్కువ భయపడింది దానికే.

1996 మే 15న డార్చెస్టర్ కోర్టు భవనంలో తొలి సమావేశం జరిగింది. ప్రొబేషన్ మీదున్న ముఠా సభ్యులను వారి అధికారులు రప్పించారు. ఎదురుగా పోలీసులు, రాష్ట్ర, ఫెడరల్ ప్రాసిక్యూటర్లు, ప్రొబేషన్ అధికారులు, వీధి కార్యకర్తలు వరుసగా కూర్చున్నారు. అరెస్టు చేయడానికి పిలవలేదని ముందే చెప్పారు. అంతకుముందు మార్చిలో వాంప్ హిల్ కింగ్స్ అనే ముఠా హత్యలకు దిగినప్పుడు అన్ని సంస్థలూ కలిసి ఏం చేశాయో వివరించారు. హింస ఆపండి, ఆపకపోతే ఇదే జరుగుతుంది, బతుకు మార్చుకోవాలనుకుంటే సాయం చేసేవారూ ఇక్కడే ఉన్నారు అన్నది వారి మాటల సారాంశం. సంస్థకొకరు లేచి, ఎవరి అధికారం మేరకు వారు అదే చెప్పారు.

ఇంటర్‌వేల్ పోసీ అనే ముఠా ఆ హెచ్చరికను లెక్కచేయలేదు. ఆగస్టులో పోలీసులు, డి.ఇ.ఎ. కలిసి ఆ ముఠా ముఖ్యులను అరెస్టు చేశారు, కేసులు ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. మరో కేసులో, హింసాత్మక నేర చరిత్ర ఉన్న ఒక ముఠా సభ్యుడి దగ్గర ఒకే ఒక్క తూటా దొరికితే ఫెడరల్ చట్టం కింద 19 ఏళ్ల 7 నెలల శిక్ష పడింది. అతని కథను పోస్టరుగా వేసి మిగతా ముఠాలకు చూపించారు. ఒక తూటాకు ఇరవై ఏళ్లా అన్న ప్రశ్న న్యాయదృష్టితో వేయదగినదే. బోస్టన్ బృందం అలాంటి శిక్షలు వందలకొద్దీ వేయలేదు. ఒకటి రెండు ఉదాహరణలను పదిమందికీ తెలిసేలా చెప్పి, మిగతావారు అంతదూరం రాకుండా చూడటమే వారి ఉద్దేశం.

లెక్కలు ఏం చెబుతున్నాయి

1991 నుంచి 1995 వరకు ఏడాదికి సగటున 44 మంది యువకులు హత్యకు గురయ్యారు. 1996లో 26 మంది, 1997లో 15 మంది. బ్రాగా బృందం 2001లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం నెలసరి యువకుల హత్యలు 63 శాతం తగ్గాయి. అమెరికాలోని ఇతర పెద్ద నగరాలతో, న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు నగరాలతో పోల్చి చూసినా బోస్టన్ తగ్గుదల ప్రత్యేకంగానే కనిపించిందని వారు తేల్చారు.

ఈ నిర్ధారణను అందరూ ఒప్పుకోలేదు. 2005లో రిచర్డ్ రోజెన్‌ఫెల్డ్ బృందం ఇతర అంశాలను లెక్కలోకి తీసుకుని చూస్తే, బోస్టన్‌కూ మిగతా పెద్ద నగరాలకూ ఉన్న తేడా గణాంకపరంగా రుజువు కాలేదని రాసింది. కొత్త మందును పరీక్షించేటప్పుడు రోగులను చీటీలు వేసి రెండు గుంపులు చేయవచ్చు. ఒక నగరాన్ని అలా చేయలేం. అందుకే తర్వాతి పరిశోధకులు ముఠాలనే పోల్చారు. సమావేశాలకు పిలిచిన ముఠాలను, అదే తరహా పిలవని ముఠాలతో పోల్చి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పిలిచిన ముఠాలకు సంబంధించిన కాల్పులు 31 శాతం తక్కువగా తేలాయి. ఇలాంటి కార్యక్రమాలపై 24 అధ్యయనాలను గుదిగుచ్చిన 2018 నాటి సమీక్ష కూడా నేరం మధ్యస్థంగా తగ్గుతోందని చెప్పింది. బలహీనంగా రూపొందించిన అధ్యయనాల్లో ఫలితం ఎక్కువగా, పకడ్బందీ అధ్యయనాల్లో తక్కువగా కనిపించిందని కూడా చెప్పింది. నిజాయితీగా చెప్పాలంటే, ఈ పద్ధతి అద్భుతాలు చేయదు, కానీ పనిచేస్తుంది.

నమ్మకం లేని చోట

1989లో బోస్టన్‌లో ఒక శ్వేతజాతీయుడు గర్భిణి అయిన తన భార్యను కాల్చి చంపి, ఆ పని నల్లజాతి వ్యక్తి చేశాడని అబద్ధం చెప్పాడు. పోలీసులు నమ్మి మిషన్ హిల్ ప్రాంతంలో నల్లజాతి యువకులను వీధుల్లో నిలబెట్టి సోదాలు చేశారు. నిజం బయటపడేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆ అన్యాయానికి నగర మేయర్ 2023లో క్షమాపణ చెప్పారు. అలాంటి గతం ఉన్న చోట ఐదారు సంస్థలు కలిసి వస్తున్నాయంటే ప్రజలకు ధైర్యం కలగదు, భయం పెరుగుతుంది.

ఆ భయాన్ని కొంతైనా తగ్గించింది నల్లజాతి పాస్టర్లు. 1992 మేలో మాటపాన్‌లోని మార్నింగ్ స్టార్ బాప్టిస్ట్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగా ముఠా కుర్రాళ్లు లోపలికి చొరబడి ఒక యువకుణ్ని పొడిచారు. ఆ తర్వాత పాస్టర్లు టెన్ పాయింట్ కోయలిషన్‌గా ఏర్పడి రాత్రులు వీధుల్లో తిరిగారు. పోలీసుల తప్పును తప్పని బహిరంగంగా అన్నారు, పోలీసుల పని సబబుగా ఉన్నప్పుడు వెనక నిలిచారు. వారి సమ్మతి లేకపోతే ఈ సహకారం పేటల్లో నిలబడేది కాదని సామాజిక శాస్త్రవేత్త క్రిస్టొఫర్ విన్షిప్ వాదించారు. ఆ వాదనలో బలముంది.

సమాచారం పంచుకోవడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. కాలిఫోర్నియాలో అనేక పోలీసు సంస్థలు కలిసి వాడుకునే కాల్‌గ్యాంగ్ అనే ముఠా సభ్యుల డేటాబేస్‌ను రాష్ట్ర ఆడిటర్ 2016లో తనిఖీ చేస్తే, నమోదయ్యేనాటికి ఏడాది కూడా నిండని వయసున్నవారు 42 మంది అందులో కనిపించారు. వారిలో 28 మంది తాము ముఠా సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసి ఉంది. ఒక సంస్థ చేసిన తప్పు ఆ సంస్థలోనే ఉండిపోతే నష్టం కొంత. పదిమంది పంచుకుంటే ఆ తప్పు పదింతలవుతుంది. పేరు ఎక్కించడానికి ఆధారం, తప్పుంటే సవాలు చేసే హక్కు, గడువు తీరాక తొలగింపు అనే మూడు నియమాలు లేకుండా ఏ ఉమ్మడి జాబితా ఉండకూడదు.

మనుషులు మారితే

2000 జనవరిలో ముఠా విభాగాన్ని నడిపించిన పోలీసు అధికారికి బదిలీ అయింది. సమావేశాలు ఆగిపోయాయి. ఏ సంస్థా తప్పుకుంటున్నట్టు ప్రకటించలేదు. ఎవరి పనిలో వారు పడిపోయారు. 1999లో 31 ఉన్న హత్యలు 2005 నాటికి 70 దాటాయి. 2007లో ఈ కార్యక్రమాన్ని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పెరుగుదల అంతటికీ ఇదొక్కటే కారణం కాకపోవచ్చు. కానీ కొందరు మంచి అధికారుల స్నేహం మీద నిలబడ్డ ఏర్పాటు వారు కదిలితే కూలుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ పద్ధతిని తుపాకుల బదులు కత్తులు తిరిగే గ్లాస్గో నగరం 2008లో అందుకుంది. స్కాట్లండ్ పోలీసులు అక్కడ వైద్యం, విద్య, గృహవసతి, సంక్షేమ శాఖలను కూడా కలుపుకున్నారు. పాల్గొన్న యువకుల్లో ఆయుధాలు పట్టుకు తిరగడం 84 శాతం తగ్గితే, పోలికకు తీసుకున్న యువకుల్లో 40 శాతం తగ్గింది. చేతులతో కొట్టుకునే గొడవల్లో మాత్రం రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

మన రాష్ట్రాల్లో రౌడీ షీట్లున్నాయి. ఎన్నికలకు, పండుగలకు ముందు రౌడీ షీటర్లను స్టేషన్‌కు పిలిచి కౌన్సెలింగ్ ఇవ్వడమూ ఉంది. పైకి చూస్తే బోస్టన్ సమావేశానికి దగ్గరగానే అనిపిస్తుంది. కానీ అక్కడ పిలుపు వెనక ప్రాసిక్యూటర్లున్నారు, ప్రొబేషన్ అధికారులున్నారు, ఉద్యోగమో చదువో చూపించేవారున్నారు. ఇక్కడ పిలిచేదీ మందలించేదీ చాలాసార్లు ఒక్క పోలీసే. ఒకే మహానగరం వేర్వేరు కమిషనరేట్ల కింద ఉన్నప్పుడు ఒక పరిధిలో తప్పు చేసినవాడు మరో పరిధిలోకి జారుకోవడం సులువు. పోలీసు స్టేషన్ల రికార్డులను దేశవ్యాప్తంగా కలిపే సి.సి.టి.ఎన్.ఎస్. వంటి ఏర్పాట్లు సమాచారాన్ని చేరవేయగలవు. ఆ సమాచారాన్ని ముందు పెట్టుకుని వివిధ శాఖల మనుషులు కూర్చుని మాట్లాడుకునే అలవాటు మాత్రం ఏ యంత్రమూ నేర్పలేదు.

ముఠా హింస మీద పోరాటంలో సంస్థల సహకారమంటే బలగాలను కూడబెట్టడమని అనుకోవడం పొరపాటు. ఎవరి దగ్గరున్న కొద్దిపాటి జ్ఞానాన్ని వారు తెచ్చి పంచుకోవాలి. అందరూ కలిసి ఒక మాట ఇవ్వాలి. ఆ మాటను శిక్ష విషయంలోనూ సాయం విషయంలోనూ సమానంగా నిలబెట్టుకోవాలి. అందుకు రాతపూర్వకమైన ఒప్పందం కావాలి, క్రమం తప్పని సమావేశాలు కావాలి, బయటివారు చేసే తనిఖీ కావాలి. అన్నిటికీ మించి, పనితీరును అరెస్టుల సంఖ్యతో కాక బతికి ఉన్న కుర్రాళ్ల సంఖ్యతో కొలిచే పద్ధతి రావాలి. ఆ కొలమానాన్ని అన్ని శాఖలూ తమదిగా ఒప్పుకున్న రోజున సహకారం వ్యక్తుల మంచితనం మీద ఆధారపడకుండా వ్యవస్థ లక్షణంగా స్థిరపడుతుంది.